టాపర్‌కి కూడా సీటు దొరకని చోట: బ్రూక్స్ కీష్నిక్ కథ

 

ఈరోజు ఎపిసోడ్ బేస్‌బాల్ గురించి. ఆగండి, అప్పుడే వెనక్కి వెళ్లిపోకండి! బేస్‌బాల్ ముక్క తెలియకపోయినా పర్లేదు, కావాల్సినంత నేనే చెప్తాను. ఎందుకంటే ఇది ఆట గురించి కన్నా ఒక ప్రశ్న గురించిన కథ. కాలేజీలో తిరుగులేని టాపర్ ఒకడు ఉన్నాడు. బయటికొచ్చాక కూడా బాగానే ఆడుతున్నాడు. అయినా పై మెట్టు మీద వాడికి చోటు దొరకట్లేదు. ఏళ్లు గడుస్తున్నాయి. లోపం వాడిదా, సిస్టమ్‌దా, లేక అసలు లెక్కే వేరేదా?

ఆ టాపర్ పేరు బ్రూక్స్ కీష్నిక్. ఊరు టెక్సస్ రాష్ట్రం. కాలేజీ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్, ఆస్టిన్‌లో ఉంది. 1991 నుంచి 1993 దాకా మూడు సీజన్లు ఆడాడు.

ముందు రెండు నిమిషాలు బేసిక్స్. బేస్‌బాల్‌లో బంతి వేసేవాడిని పిచర్ అంటారు, మన బౌలర్ లాంటివాడు. బ్యాట్ పట్టుకున్నవాడిని హిట్టర్ అంటారు. బంతిని గ్రౌండ్ ఫెన్సింగ్ దాటిస్తే హోమ్ రన్, మన సిక్సర్ అనుకోండి. ఇక బ్యాటింగ్ యావరేజ్ మన క్రికెట్ యావరేజ్ లాంటిది కాదు. పది ఛాన్సుల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టి బేస్ మీదికి చేరాడు అన్నదే లెక్క. పదికి మూడు కొడితే .300 అని రాస్తారు. పదిలో ఏడుసార్లు ఫెయిలైనవాడిని కూడా మంచి హిట్టర్ అంటారన్నమాట. అంత కష్టమైన పని అది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు మనోడి కాలేజీ నంబర్లు చూడండి. కెరీర్ యావరేజ్ .360. హోమ్ రన్లు 43. అంతేనా అంటే కాదు, పిచింగ్ కూడా చేసేవాడు. పిచర్‌గా 34 గెలుపులు, 8 ఓటములు. ఒక్క 1993 సీజన్‌లోనే 19 హోమ్ రన్లు కొట్టి, పిచర్‌గా 16 మ్యాచ్‌లు గెలిపించాడు. అమెరికా కాలేజీ బేస్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్‌కి ఇచ్చే డిక్ హౌసర్ ట్రోఫీ 1992లో ఇతనికే, 1993లో కూడా ఇతనికే. ఆ యూనివర్సిటీ తర్వాత ఇతని 23వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది.

1993 జూన్‌లో డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిదే కానీ ఇక్కడ వేలంపాట ఉండదు. జట్లు వరస ప్రకారం ఒక్కొక్క కుర్రాడిని ఎంచుకుంటూ పోతాయి. ఆ ఏడాది మొదటి నంబర్‌లో వెళ్లింది అలెక్స్ రోడ్రిగెజ్, తర్వాత ప్రపంచమంతా ఏ-రాడ్ అని పిలిచిన మనిషి. పదో నంబర్‌లో చికాగో కబ్స్ తీసుకున్నది మన కీష్నిక్‌ని. దేశం మొత్తం మీద పదో వాడు.

ఒక చిన్న డీటెయిల్ ఉంది, కథకి అదే కీలకం. కబ్స్ ఇతన్ని హిట్టర్‌గా తీసుకుంది. ప్రొఫెషనల్ ఆటలో రెండు పనులు ఎవరూ చేయరు, ఒకటే ఎంచుకోవాలి అన్నది అప్పటి పద్ధతి. బ్యాట్ ఎంచుకున్నారు. పిచింగ్ ఆగిపోయింది.

సరే, డ్రాఫ్ట్ అయింది కదా, ఇక టీవీలో కనిపించేస్తాడు అనుకుంటే పొరపాటే. మధ్యలో మైనర్ లీగ్స్ ఉన్నాయి.

అమెరికాలో ప్రతి పెద్ద జట్టుకి కింద చిన్న జట్లు ఉంటాయి. అది ఒక నిచ్చెన. కింద సింగిల్ ఏ, దాని పైన హై ఏ, తర్వాత డబుల్ ఏ, ఆ పైన ట్రిపుల్ ఏ. ట్రిపుల్ ఏ పైన మేజర్ లీగ్. మన వ్యూయర్స్‌లో చాలామందికి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అన్నయ్యో, అక్కో, పిన్ని వాళ్లో ఉంటారు. వాళ్లని అడగండి, ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ అని ఒక జట్టు ఉంటుంది. అది టెక్సస్ రేంజర్స్‌కి డబుల్ ఏ జట్టు. వీకెండ్ పిల్లల్ని తీసుకెళ్లి హాట్ డాగ్ తింటూ చూసే మ్యాచ్ అది. చూసేవాళ్లకి పిక్నిక్. ఆడేవాళ్లకి మాత్రం ప్రతి బంతీ ఒక ఇంటర్వ్యూ.

కాలేజీ హీరోలకి ఈ నిచ్చెన మీద మొదట తగిలే దెబ్బ బ్యాట్. నిజంగానే చేతిలో ఉండే బ్యాట్! అమెరికా కాలేజీల్లో 1974 నుంచి అల్యూమినియం బ్యాట్ వాడొచ్చు. లోపల బోలుగా ఉంటుంది, బరువు తక్కువ, కాబట్టి వేగంగా తిప్పొచ్చు. బంతి తగిలినప్పుడు ఆ మెటల్ గోడ కొంచెం లోపలికి వెళ్లి స్ప్రింగ్‌లా తిరిగి తోస్తుంది. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా దూరం వెళ్తుంది. ప్రొఫెషనల్ ఆటలోకి వచ్చిన రోజు నుంచి చెక్క బ్యాట్ మాత్రమే. అక్కడ బంతి పిడి దగ్గర తగిలిందా, చేతులు జివ్వుమంటాయి, బ్యాట్ రెండు ముక్కలవుతుంది. కాలేజీలో హిట్ అయిన షాట్ ఇక్కడ ఫీల్డర్ చేతికి సులువైన క్యాచ్.

ఈ బ్యాట్ల వల్ల కాలేజీ స్కోర్లు ఎంత పిచ్చిగా ఉండేవంటే, 1998లో నేషనల్ ఫైనల్ స్కోరు 21-14. బేస్‌బాల్‌లో ఒక జట్టు ఐదారు పరుగులు చేస్తే బాగా ఆడినట్టు. చివరికి రూల్స్ మార్చుకుంటూ వచ్చి, 2011 నుంచి మెటల్ బ్యాట్ కూడా దాదాపు చెక్కలా పని చేయాలని ప్రమాణం పెట్టారు.

ఈ ఫిల్టర్ ఎంత గట్టిదో చెప్పడానికి రెండు పేర్లు చాలు. జెఫ్ లెడ్‌బెటర్, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ. 1982లో ఒక్క సీజన్‌లో 42 హోమ్ రన్లు, కాలేజీ కెరీర్ మొత్తం 97. అప్పటికి రెండూ రికార్డులే. బోస్టన్ రెడ్ సాక్స్ మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఆ మనిషి మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండో పేరు పీట్ ఇంకవిలియా, ఓక్లహోమా స్టేట్. 1985లో 48 హోమ్ రన్లు, మూడేళ్లలో సరిగ్గా 100. ఇతను మైనర్ లీగ్ గడప కూడా తొక్కకుండా 1986లో నేరుగా మేజర్స్‌కి వెళ్లి, మొదటి ఏడాదే 30 హోమ్ రన్లు కొట్టాడు. 185 సార్లు స్ట్రైకౌట్ కూడా అయ్యాడనుకోండి, అది వేరే సంగతి. ఇద్దరి కాలేజీ నంబర్లూ పక్కపక్కన పెడితే ఎవరు ఎటు వెళ్తారో ముందే చెప్పగలరా? ఎవరూ చెప్పలేకపోయారు.

మళ్లీ మన కీష్నిక్ దగ్గరికి వద్దాం. ఇతనికి చెక్క బ్యాట్ సమస్య కాలేదు, కథలో ట్విస్ట్ అదే. 1994లో డబుల్ ఏ, ఓర్లాండోలో. 1995లో ట్రిపుల్ ఏ, అయోవాలో. ఆ ఏడాది .295 యావరేజ్, 23 హోమ్ రన్లు. మేజర్ లీగ్ తలుపు ముందు నిలబడి గట్టిగా కొడుతున్నాడు. 1996 ఏప్రిల్‌లో తలుపు తెరిచారు. ఆ ఏడాది కబ్స్ తరఫున 29 ఛాన్సుల్లో 10 హిట్లు. .345. అదిరిపోయింది కదా?

అయినా మళ్లీ అయోవాకి పంపేశారు.

ఎందుకు? ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. కీష్నిక్ ఆడగలిగేవి రెండే స్థానాలు, ఔట్‌ఫీల్డ్ మూలలు, ఫస్ట్ బేస్. పరుగులో గానీ ఫీల్డింగ్‌లో గానీ ప్రత్యేకంగా పేరు తెచ్చుకున్నవాడు కాదు, బ్యాటే అతని బలం. అప్పుడు కబ్స్‌లో రైట్ ఫీల్డ్‌లో ఉన్నది సామీ సోసా. ఫస్ట్ బేస్‌లో మార్క్ గ్రేస్. లెఫ్ట్ ఫీల్డ్‌లో లూయిస్ గోన్సాలెజ్. ఒకరిని మించి ఒకరు. నువ్వు బాగా కొడుతున్నావు బాబూ, నిజమే. కానీ ఎవర్ని లేపి నిన్ను కూర్చోబెట్టాలి?

1997లో ఇంకో ఛాన్స్ ఇచ్చారు. 90 సార్లు బ్యాటింగ్, .200 మాత్రమే. ఆ ఏడాది చివర్లో కొత్తగా పుట్టిన టాంపా బే జట్టుకి వెళ్లిపోయాడు. అక్కడ మేజర్స్‌లో ఒక్క ఛాన్స్ కూడా రాలేదు. 1999లో ఏంజెల్స్ వాళ్ల ట్రిపుల్ ఏ. మేజర్స్‌లో సున్నా. 2000లో సిన్సినాటి పిలిచింది, 12 సార్లు బ్యాట్ పట్టుకున్నాడు, ఒక్క హిట్ కూడా లేదు. 2001లో కొలరాడో, 42 ఛాన్సుల్లో .238. ఇంత తిరిగినా, కింద ట్రిపుల్ ఏలో మాత్రం ఇరవైకి పైగా హోమ్ రన్లు కొట్టిన సీజన్లు ఒకటికి మించి ఉన్నాయి.

మొత్తం కూడితే, 1996 నుంచి 2001 దాకా ఆరేళ్లలో మేజర్స్‌లో ఇతనికి దొరికింది 173 ఛాన్సులు. రెగ్యులర్ ప్లేయర్‌కి ఒక్క సీజన్‌లోనే 500, 600 వస్తాయి. అంటే మూడో వంతు సీజన్‌ని ఆరేళ్లకి చిల్లర చేసి పంచారు. పదికి మూడు కొడితే గొప్ప అనే ఆటలో 12 ఛాన్సుల్లో సున్నా రావడం పెద్ద వింత కాదు. రోజూ ఆడేవాడికి అది మూడు రోజుల బ్యాడ్ ఫామ్. వారానికి రెండుసార్లు, అది కూడా చివర్లో వచ్చి ఒకే ఒక్కసారి బ్యాట్ పట్టుకునేవాడికి అదే కెరీర్ రిపోర్ట్.

ఇలాంటివాళ్లకి అమెరికాలో ఒక పేరుంది: క్వాడ్రపుల్ ఏ ప్లేయర్. అలాంటి లీగ్ నిజంగా లేదు. ట్రిపుల్ ఏకి ఎక్కువ, మేజర్స్‌కి తక్కువ అని వెటకారంగా అనే మాట. రెండు అంతస్తుల మధ్య మెట్ల మీద ఇరుక్కుపోయినవాడు.

మనకి ఇది కొత్త కాదు. 1994లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర మీద రంజీ మ్యాచ్‌లో హైదరాబాద్ తరఫున ఎం.వి. శ్రీధర్ 366 పరుగులు కొట్టారు. మూడు వందల అరవై ఆరు! ఇండియా క్యాప్ మాత్రం ఎప్పటికీ రాలేదు. ఆ రోజుల్లో ఇండియా మిడిల్ ఆర్డర్‌లో ఎవరెవరు ఉన్నారో మీరే గుర్తు తెచ్చుకోండి. తేడా ఏంటంటే రంజీ ప్లేయర్‌కి పక్కన ఒక ఉద్యోగం ఉండేది, చదువు ఉండేది. శ్రీధర్ గారు డాక్టర్ కూడా. మైనర్ లీగ్ ప్లేయర్‌కి అదే ఉద్యోగం, అదే జీవితం.

సరే, జీవితం అన్నాం కాబట్టి డబ్బుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. మొదటి రౌండ్‌లో వెళ్లేవాడికి సంతకం చేసేటప్పుడు పెద్ద బోనస్ వస్తుంది, వాడి బాధ వేరే. కానీ మైనర్ లీగ్‌లో అందరూ మొదటి రౌండ్ వాళ్లు కాదు. దశాబ్దాల పాటు మైనర్ లీగ్ జీతాలు చూస్తే ఇది నిజంగా అమెరికాయేనా అనిపిస్తుంది. 2022 దాకా ట్రిపుల్ ఏలో ఏడాదికి కనీస జీతం 17,500 డాలర్లు. డబుల్ ఏలో 13,800. ఏ స్థాయిలో 11,000. సీజన్ ఉన్న నెలలకే జీతం. సీజన్ ముందు జరిగే ట్రైనింగ్‌కి డబ్బులు ఇచ్చేవాళ్లు కాదు. బస్సుల్లో రాత్రంతా ప్రయాణాలు, ఒక్క గదిలో నలుగురైదుగురు సర్దుకోవడాలు, సీజన్ అయ్యాక దొరికిన పని చేసుకోవడాలు.

దీని మీద ప్లేయర్లు 2014లో కోర్టుకెళ్లారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2022లో లీగ్ 185 మిలియన్ డాలర్లకి సెటిల్ చేసుకుంది. అదే ఏడాది నుంచి ఎక్కువమంది ప్లేయర్లకి ఉండటానికి ఇల్లు జట్లే చూపించాలన్న నియమం వచ్చింది. 2023లో మైనర్ లీగ్ వాళ్లకి చరిత్రలో మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరింది. ట్రిపుల్ ఏ కనీసం 35,800 డాలర్లు, డబుల్ ఏ 30,250 డాలర్లు అయింది. రెట్టింపు అన్నమాట. సంతోషమే. కానీ అదే 2023లో మేజర్ లీగ్ కనీస జీతం ఎంతో తెలుసా? 7,20,000 డాలర్లు. ఒక్క మెట్టు తేడా, ఇరవై రెట్ల జీతం. ఇంకోటి, మేజర్స్‌లో 43 రోజులు ఉంటే చాలు, పెన్షన్ హక్కు వస్తుంది. అందుకే ట్రిపుల్ ఏలో కోచ్ ఒకడిని పక్కకి పిలిచి "రేపు పైకి వెళ్తున్నావు" అంటే ఏడ్చేస్తారు. అది కల నెరవేరినందుకు మాత్రమే కాదు, ఇంటి లెక్కలు కూడా ఆ ఏడుపులో ఉంటాయి.

ఇప్పుడు 2002కి వద్దాం. కీష్నిక్‌కి ముప్పై ఏళ్లు నిండాయి. డ్రాఫ్ట్ అయి తొమ్మిదేళ్లు. చికాగో వైట్ సాక్స్ వాళ్ల ట్రిపుల్ ఏ జట్టు షార్లెట్ నైట్స్‌లో ఉన్నాడు. ఇలా ట్రిపుల్ ఏలో హోమ్ రన్లు కొట్టుకుంటూ ఇంకో మూడేళ్లు గడిపేయొచ్చు. మానేసి ఇంటికెళ్లిపోవచ్చు. తను చేసింది వేరే. కాలేజీలో వదిలేసిన బంతిని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

సరదాకి ఒక ఓవర్ వేసినట్టు కాదండీ. ఆ సీజన్‌లో 25 మ్యాచ్‌ల్లో పిచింగ్ చేశాడు. బ్యాటింగ్ ఆపలేదు, 13 హోమ్ రన్లు కొట్టాడు. పిచర్‌గా ఈఆర్ఏ 2.59. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క, తక్కువ ఉంటే మంచిది. 2.59 అంటే చాలా మంచిది.

ఇక్కడ ఆగి ఒక కూడిక చేద్దాం. ఈ కథ మొత్తానికి తాళంచెవి ఇదే.

అప్పట్లో మేజర్ లీగ్ జట్టులో 25 మంది. అందులో పిచర్లు పన్నెండు మంది దాకా. మిగిలింది పదమూడు. గ్రౌండ్‌లో రోజూ ఆడేవాళ్లు ఎనిమిది మంది. మిగిలింది ఐదు సీట్లు. అందులో ఒకటి రిజర్వ్ క్యాచర్‌ది, అది తప్పదు. ఇంకోటి రెండోటి ఇన్‌ఫీల్డ్‌లో అన్ని చోట్లా ఆడగలిగేవాళ్లవి. ఇంకోటి వేగంగా పరుగెత్తే ఔట్‌ఫీల్డర్‌ది. చివరికి "వీడు బ్యాటింగ్ మాత్రమే చేస్తాడు" అనే మనిషికి మిగిలేది ఒక్క సీటు. లీగ్ మొత్తం మీద ముప్పై జట్లు, ముప్పై సీట్లు. వాటికి క్యూలో ఉన్నవాళ్లు వందల్లో.

మన ఐటీలో బెంచ్ అంటాం చూడండి. స్కిల్ ఉంటుంది, ప్రాజెక్ట్ ఉండదు. రేటింగ్ ఎంత బాగున్నా ఓపెనింగ్ లేకపోతే బెంచే. ఇన్నేళ్లూ కీష్నిక్ పోటీ పడింది ఆ ఒక్క బెంచ్ సీటుకి. పిచింగ్ మొదలుపెట్టిన రోజున ఆ క్యూలోంచి బయటికొచ్చి ఇంకో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు అతను పిచర్ల పన్నెండు సీట్లలో ఒకదానిలో కూర్చుంటాడు, కానీ బ్యాటర్ పని కూడా చేసిపెడతాడు. జట్టుకి ఒక సీటు మిగులుతుంది.

2003లో మిల్వాకీ బ్రూయర్స్ ఆ లెక్క అర్థం చేసుకుంది. అంతకు ముందు ఏడాది 106 మ్యాచ్‌లు ఓడిన జట్టు అది. అలాంటి జట్టుకి ప్రయోగం చేస్తే పోయేదేముంది? అదీకాక బ్రూయర్స్ ఆడేది నేషనల్ లీగ్‌లో. అప్పట్లో ఆ లీగ్‌లో పిచర్ కూడా బ్యాటింగ్ చేయాల్సిందే. చాలామంది పిచర్లు మన పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్ లాంటివాళ్లు. కాబట్టి ముఖ్యమైన టైమ్‌లో పిచర్ వంతు వస్తే అతని బదులు మంచి హిట్టర్‌ని దింపుతారు, దాన్ని పించ్ హిట్టింగ్ అంటారు. కానీ బేస్‌బాల్‌లో ఒకసారి బయటికెళ్లినవాడు మళ్లీ రాకూడదు. కాబట్టి ఒక్క షాట్ కోసం ఒక పిచర్‌ని కోల్పోతారు. కీష్నిక్ ఉంటే ఆ బాధ లేదు. పించ్ హిట్టర్‌గా వచ్చి, కొట్టి, అదే మనిషి తర్వాతి ఇన్నింగ్స్‌లో బంతి పట్టుకుని పిచింగ్‌కి వెళ్లొచ్చు.

ఆ సీజన్‌లో 42 మ్యాచ్‌ల్లో పిచింగ్ చేశాడు. బ్యాట్‌తో 70 ఛాన్సుల్లో 21 హిట్లు. లెక్కేయండి, సరిగ్గా .300. హోమ్ రన్లు 7. ఒకే సీజన్‌లో పిచర్‌గా ఉన్నప్పుడు, పించ్ హిట్టర్‌గా వచ్చినప్పుడు, డెసిగ్నేటెడ్ హిట్టర్‌గా, అంటే బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానంలో ఆడినప్పుడు, మూడు పాత్రల్లోనూ హోమ్ రన్ కొట్టిన మొదటి మేజర్ లీగ్ ఆటగాడు ఇతనే. మైనర్స్‌లో ఏళ్ల తరబడి "నీకు స్థానం లేదు" అన్న మాట పడ్డవాడు ఒక్క ఏడాదిలో మూడు స్థానాల్లో రికార్డు పెట్టాడు.

కానీ నేను మీకు సినిమా క్లైమాక్స్ అమ్మను. నిజం నిజంగానే చెప్పుకుందాం. ఆ ఏడాది అతని పిచింగ్ గొప్పగా ఏం లేదు, ఈఆర్ఏ 5.26. 2004లో పిచింగ్ 3.77కి మెరుగైంది, బ్యాటింగ్ .270. జట్టు గెలుపోటముల్ని తారుమారు చేసే స్టార్ కాలేదు. 2005 సీజన్ మొదలయ్యేలోపే బ్రూయర్స్ వదిలేసింది. మళ్లీ మేజర్స్‌లో ఆడలేదు. మొత్తం మేజర్ లీగ్ కెరీర్ .248 యావరేజ్, 16 హోమ్ రన్లు. కాలేజీలో రెండుసార్లు దేశంలోనే బెస్ట్ అనిపించుకున్నవాడికి చివరికి మిగిలింది ఇది.

ఇది ఫెయిల్యూరా? నన్నడిగితే కాదు. తన మొత్తం 16 హోమ్ రన్లలో సగం, అంటే 8, రెండో పని మొదలుపెట్టాక వచ్చిన ఆ రెండేళ్లలోవే. ముందు ఆరేళ్లలో .220 కొట్టినవాడు, ఆ రెండేళ్లలో 133 ఛాన్సులకి 38 హిట్లు, అంటే .286. బ్యాట్ అదే, చేతులు అవే. వయసు పెరిగింది కూడా. మారింది ఒక్కటే, అతని అవసరం. జట్టుకి అవసరం ఉంది కాబట్టి గ్రౌండ్‌లోకి పంపారు, పంపారు కాబట్టి కొట్టాడు.

"ప్రయత్నిస్తూనే ఉండండి, ఏదో ఒక రోజు గుర్తిస్తారు" అనే మాట మనం రోజూ రీల్స్‌లో వింటుంటాం. ఈ కథలో జరిగింది సరిగ్గా దానికి ఉల్టా. ఆరేళ్లు ప్రయత్నించిన పనే ఇంకా గట్టిగా ప్రయత్నించి ఉంటే బహుశా ఇంకో ఇరవై హోమ్ రన్లు అయోవాలోనో లూయివిల్‌లోనో షార్లెట్‌లోనో పడేవి, అంతే. "నేనెంత బాగా చేస్తున్నాను" అన్న ప్రశ్న పక్కనపెట్టి "వాళ్ల దగ్గర ఖాళీ ఎక్కడుంది, ఆ ఖాళీకి సరిపోయేది నా దగ్గర ఏముంది" అని అడిగినప్పుడే కథ కదిలింది.

అలాగని రేపటి నుంచి పది కోర్సులు చేసేయమని కాదు. కీష్నిక్ ముప్పై ఏళ్లకి పిచింగ్ కొత్తగా నేర్చుకోలేదు. కాలేజీలో 34 మ్యాచ్‌లు గెలిపించిన చెయ్యి అది. తనదే. ఒక పని ఎంచుకోమన్నారని పక్కన పెట్టేశాడు, అంతే. మనలో చాలామంది డిగ్రీ పట్టా అందుకున్న రోజున "ఇది ఇక్కడ పనికిరాదులే" అని మూటకట్టి అటక మీద పెట్టినవి ఒకటో రెండో ఉంటాయి. అవన్నీ పనికొస్తాయని నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ కొత్తది కొనేముందు అటక ఒకసారి చూసుకోవడంలో నష్టం లేదు కదా.

చివరిగా ఒక ముక్క. 2018లో జపాన్ నుంచి షోహెయ్ ఓటానీ వచ్చి పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేస్తుంటే ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఇద్దరి స్థాయికీ పోలికే లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ 2020లో మేజర్ లీగ్ రూల్స్‌లోకి "టూ-వే ప్లేయర్" అనే కేటగిరీ అధికారికంగా వచ్చింది. జట్టు జాబితాలో పిచర్ల సంఖ్యకి పరిమితి పెడుతూ, రెండు పనులూ చేసేవాడిని ఆ లెక్కలోంచి మినహాయించారు. కీష్నిక్ 2003లో మిల్వాకీలో చేసిన సీటు లెక్కకి పదిహేడేళ్ల తర్వాత రూల్ బుక్‌లో ఒక గడి దొరికింది.

ఇది విషయం. ఫ్రిస్కోలోనో, ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లోనో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఈసారి మైనర్ లీగ్ మ్యాచ్‌కి వెళ్తే, స్కోరు బోర్డు కన్నా ముందు డగౌట్‌లో బెంచ్ మీద కూర్చున్నవాళ్ల వైపు ఒకసారి చూడండి. అందులో ఎవడో ఒకడు తన కాలేజీకి హీరో అయి ఉంటాడు. ఎవరిని చూశారో, ఏం అనిపించిందో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. మీ అటక మీద ఏముందో కూడా రాయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి.